అమెరికాలో గన్ ఉన్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు గన్ కంట్రోల్ (గన్‌ల మీద చట్టపరమైన ఆంక్షలు) మీద నిజంగా మనసు మార్చుకుంటారా? దేనివల్ల? పేరున్నవాళ్లలో అలా మారినవాళ్లు ఉన్నారా? గన్ ఉన్న మా బావమరిదితో దీని గురించి ఎలా మాట్లాడాలి?

మార్చుకుంటారు. కాకపోతే నిన్నటిదాకా "గన్ నా హక్కు" అన్న మనిషి తెల్లారేసరికి "అన్నీ నిషేధించాలి" అనడం మాత్రం నా చుట్టుపక్కల ఒక్కసారి కూడా చూడలేదు. ముందు ఇంట్లో అలవాటు మారుతుంది. చట్టం మీద మాట ఆ తర్వాత రెండు మూడేళ్లకు ఎప్పుడో మారుతుంది. కొందరికి అసలు మారదు. కొందరికి మీరు అనుకుంటున్న దిక్కుకు సరిగ్గా ఎదురుగా మారుతుంది.

నేను డాలస్‌కి ఉత్తరాన ఒక సబర్బ్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. నా దగ్గర గన్ ఉంది. మా ఆవిడకి గన్ అంటే పడదు. పడదు అనేది 2020 నాటి మాటలెండి, ఇప్పుడు లెక్క అంత తేలిగ్గా లేదు.

గన్ కొన్నది భయంతోనే. మన ఇళ్లలో బంగారం ఉంటుందని ఇక్కడి దొంగలకి బాగా తెలుసు. మా వెనక వీధిలో ఒక తెలుగువాళ్లు పెళ్లికి వెళ్లొచ్చేసరికి ఇల్లంతా ఊడ్చేశారు. పైగా కోవిడ్ రోజులు, అప్పటికే గ్రీన్ కార్డు వచ్చి ఉంది. (హెచ్-1బి మీద ఉన్నవాళ్లకి మామూలుగా గన్ కొనే వీలు లేదు. హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఆ దారిలో మన స్టూడెంట్లు కూడా కొన్నారు. ఆ పని చేయకండి.) షాపులో 4473 అనే ఫారం నింపాను, వాళ్లు నాకు నేరచరిత్ర ఏమైనా ఉందేమోనని ఎఫ్‌బీఐ చెక్ చేశారు, గంటలోపు గ్లాక్ పిస్టల్‌తో బయటికొచ్చాను. హైదరాబాద్‌లో మా అమ్మ గ్యాస్ కనెక్షన్ పేరు మార్పించడానికి ఇంతకంటే ఎక్కువ తిరిగాను. ఆ ఫారం, ఆ చెక్ కూడా షాపులో కొంటేనే. టెక్సస్‌లో పక్కింటాయన దగ్గర కొంటే అవేమీ అక్కర్లేదు.

మా తాతకి కర్నూలు దగ్గర పల్లెలో డబుల్ బారెల్ తుపాకి ఉండేది. అడవి పందుల నుంచి చేను కాపాడుకోవడానికి లైసెన్సు ఇచ్చారు. ఎలక్షన్లు వస్తే చాలు, దాన్ని గోనెసంచిలో చుట్టుకుని స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. ఫలితాలు వచ్చాక రసీదు చూపించి తెచ్చుకునేవాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

నా గన్ బెడ్‌రూమ్‌లో డ్రస్సర్ పై సొరుగులో ఉండేది, లోడ్ చేసి. దొంగ ఇంట్లోకొచ్చాక తాళంచెవి వెతుక్కుంటామా అని నా వాదన. "పిల్ల ఉన్న ఇల్లండీ" అని ఆవిడ. "దానికి అందదులే" అని నేను. ఆవిడ ఏదో స్టడీ లింకు పంపేది, నేను దానికి ఎదురు ఇంకో లింకు వెతికి పంపేవాణ్ణి. ఒకే సోఫాలో కూర్చుని వాట్సాప్‌లో పోట్లాడుకున్నాం, చాలాకాలం. ఎవరమూ అంగుళం కదల్లేదు.

కదిలించింది ఇంకెవరో. 2022 జూన్. టెక్సస్‌లోనే యువాల్డీ అనే ఊళ్లో స్కూల్లో కాల్పులు జరిగి 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయి నెల కూడా కాలేదు. మా అమ్మాయికి ఆరేళ్లు. దాని క్లాస్‌మేట్‌ని వాళ్లమ్మ ఆడుకోవడానికి మా ఇంట్లో దింపడానికి వచ్చింది. అమెరికన్, ఆవిడ ట్రక్కు వెనక జింక కొమ్ముల స్టిక్కరు ఉంది, అంటే వేటకు వెళ్లే కుటుంబం. గుమ్మంలో నిలబడి పాపకి పల్లీలు పడవని చెప్పింది. కుక్క ఉందా అని అడిగింది. అదే గొంతుతో, "ఇంట్లో గన్ ఉందా? ఉంటే తాళం వేసి ఉందా?" అంది.

"ఉంది, సేఫ్‌లో ఉంది" అన్నాను. థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోయింది.

మా ఇంట్లో సేఫ్ లేదు.

పిల్లలిద్దరూ మెట్లెక్కుతుంటే వాళ్లని దాటుకుంటూ వెళ్లి సొరుగు లాగాను. విక్స్ డబ్బా, రెండు చార్జర్లు, అమ్మ పంపిన విభూతి పొట్లం, వాటి కింద గన్. నా వెనకే వచ్చిన మా అమ్మాయి గడ్డం సరిగ్గా ఆ సొరుగు అంచు దగ్గరికి వచ్చింది. దానికి అందదు అని రెండేళ్లుగా నేను వాదించింది ఈ సొరుగు గురించే. ఆ సాయంత్రమే సేఫ్ కొన్నాను. మా ఆవిడ రెండేళ్లు చెప్పినా విననిది, ముక్కూమొహం తెలియని మనిషి ఒక్క ప్రశ్నతో చేయించింది. ఎందుకంటే ఆవిడ నాతో వాదించలేదు. కుక్క గురించి అడిగినట్టు అడిగింది, అంతే. తరవాత తెలిసింది, పిల్లల్ని వేరే ఇంటికి పంపేముందు అలా అడగమని ఇక్కడి పిల్లల డాక్టర్లే తల్లిదండ్రులకి చెబుతారట.

చట్టం మీద నా అభిప్రాయం మాత్రం అప్పటికీ మారలేదు. అది కదిలింది 2023 మే 6న. ఆలెన్ అవుట్‌లెట్ మాల్, శనివారం మధ్యాహ్నం. మేం తరచూ వెళ్లే చోటు. ఒకడు ఎనిమిది మందిని కాల్చి చంపేశాడు. వాళ్లలో పిల్లలున్నారు, హైదరాబాద్ నుంచి వచ్చిన మన తెలుగమ్మాయి ఒకరు ఉన్నారు. వేరే పని మీద అప్పటికే అక్కడున్న ఒక పోలీసు ఎదురెళ్లి కాల్చకపోతే ఇంకెంతమందో. హంతకుడి ఒంటి మీద, కారులో కలిపి ఎనిమిది గన్‌లు దొరికాయి. అన్నీ చట్టప్రకారం సంపాదించినవేనని అధికారులు చెప్పారు.

ఆ రాత్రి మా ఇంట్లో జరిగింది నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. గన్ అంటే పడని మా ఆవిడ, "నాకూ కాల్చడం నేర్పించండి" అంది. గన్ వెంట పెట్టుకుని తిరగడానికి ఇచ్చే క్యారీ లైసెన్సు క్లాసు చేసి, కాగితం బొమ్మ మీద యాభై రౌండ్లు కాల్చి పాసైన నాకేమో, ఆ పార్కింగ్ లాట్‌లో నేనుంటే ఏం చేసేవాణ్ణో స్పష్టంగా కనబడింది. పాపని ఎత్తుకుని పరిగెత్తేవాణ్ణి. నడుముకున్న పిస్టల్ నడుముకే ఉండేది. ఇద్దరం ఒకే వార్త చూశాం, ఆవిడ ఇటొచ్చింది, నేను అటెళ్లాను. రైఫిల్ కొనే వయసు 21కి పెంచాలని, ప్రైవేటు అమ్మకాలకీ చెక్ ఉండాలని నేను అనుకోవడం అప్పటినుంచే. ఆవిడ ఇప్పుడు నాకంటే బాగా కాలుస్తుంది. చెక్‌ల విషయంలో నాతో ఏకీభవిస్తుంది గానీ, "ముందు నన్ను నేర్చుకోనివ్వండి, తరవాత చట్టాలు చేయండి" అంటుంది.

ఆలెన్ జరిగిన రెండు రోజులకి టెక్సస్ చట్టసభ (హౌస్) కమిటీలో ఆ 21 ఏళ్ల బిల్లు 8-5 ఓట్లతో గట్టెక్కింది. ఇద్దరు రిపబ్లికన్లు కూడా అవునన్నారు. దానికోసం నెలల తరబడి రాజధాని ఆస్టిన్ చుట్టూ తిరిగింది యువాల్డీ తల్లిదండ్రులు. అయినా గడువు దాటిపోయి సభలో చర్చకే రాలేదు. మనుషులు మారినంత తేలిగ్గా చట్టాలు మారవు, మీ ప్రశ్నలో ఈ రెండూ కలిసిపోయాయి.

ఇక అసలు చెప్పాల్సింది మా స్నేహితుడి సంగతి. గోదావరి జిల్లావాడు, బావా బావా అని పిలుచుకుంటాం. సిటిజన్. రెండు పిస్టళ్లు, ఒక రైఫిల్. గన్ కంట్రోల్ అన్న మాట వినబడితే లేచి నిలబడే రకం. 2023 చివర్లో ఉద్యోగం పోయింది. రెండు నెలలకి ఒక రాత్రి పదకొండింటికి వాళ్లావిడ ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఆయన నిద్రపోవట్లేదు. గరాజ్‌లో ఒక్కరే కూర్చుంటున్నారు. ఏమీ అనట్లేదు గానీ నాకు భయంగా ఉంది. ఆ గన్‌లు కొన్నాళ్లు మీ ఇంటికి తీసుకెళ్తారా?"

పోలీసుల్ని పిలవచ్చు. కానీ పిలిచాక వాళ్లొచ్చి ఏం చేస్తారో, ఆయన ఎలా తీసుకుంటాడోనని ఆవిడ టెన్షన్. కొన్ని రాష్ట్రాల్లో ఇలాంటప్పుడు ఇంట్లోవాళ్లే జడ్జిని అడిగి కొంతకాలం గన్‌లు తీయించవచ్చు, రెడ్ ఫ్లాగ్ చట్టం అంటారు. ఫ్లోరిడాలో 2018లో పార్క్‌లాండ్ స్కూలు ఘటన తర్వాత రిపబ్లికన్ గవర్నరే దానిమీద సంతకం పెట్టాడు. టెక్సస్‌లో అది లేదు.

మర్నాడు పొద్దున్నే పులిహోర డబ్బా పట్టుకుని వెళ్లాను. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక అడిగాను. "జాబ్ వచ్చేదాకా అవి నా దగ్గర ఉంచు బావా." వాడి మొహం మాడిపోయింది. "నన్ను పిచ్చోణ్ణనుకుంటున్నావా? అదే మీ గన్ కంట్రోల్ బ్యాచ్ చేసేది, ముందు మనిషికి ముద్ర వేస్తారు." నాకు ఏం చెప్పాలో తోచలేదు. తోచక మా తాత గోనెసంచి కథ చెప్పాను. తాతని దొంగ అనుకుని తీసుకోలేదు, ఊళ్లో వేడి ఎక్కువగా ఉన్న నెల రోజులు స్టేషన్లో పెట్టుకున్నారు, అంతే అన్నాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "అయితే ఇప్పుడు మా ఇంట్లో ఎలక్షన్లన్నమాట" అన్నాడు. నవ్వాడు. వాళ్లావిడ వంటింట్లో నిలబడి ఏడ్చింది. మూడూ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఒక కవరు వెనక నంబర్లు రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి రసీదు ఇచ్చాను. తమాషాకే ఇచ్చాను గానీ వాడు దాన్ని రెండుసార్లు చదివి జాగ్రత్తగా మడిచాడు. వారం తరవాత డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లాడు.

ఇక్కడ ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను. 2023లో అమెరికాలో గన్‌లతో చనిపోయినవాళ్లు దాదాపు 46,700 మంది. అందులో సుమారు 27,300 ఆత్మహత్యలే. టీవీలో కనబడేది మాల్, స్కూలు. ఎక్కువ జరిగేది ఇది. చేతికి గన్ అందితే ఆ క్షణం నుంచి వెనక్కి వచ్చేవాళ్లు చాలా తక్కువ. ఆ గండం దాటినవాళ్లలో ఎక్కువమంది మాత్రం తర్వాత మామూలుగా బతుకుతారు. అందుకే ఆ కొన్నాళ్లు గన్ దూరంగా ఉండటం అంత ముఖ్యం. ఈ మాట గన్ షాపులవాళ్లకే బాగా ఎక్కింది. న్యూ హాంప్‌షైర్‌లో ఒకే షాపులో కొన్న ముగ్గురు వారం లోపే ఇలా చనిపోయారని 2009లో ఆ యజమానికి తెలిసింది. తరవాత ఆయన హార్వర్డ్ వాళ్లతో కలిసి, కొనేవాళ్లలో ఏం గమనించాలో మిగతా షాపులకి నేర్పాడు. ఆయన గన్‌లు అమ్మడం మానలేదు. (ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉంటే అమెరికాలో 988కి, ఇండియాలో 14416కి ఫోన్ చేయండి. తెలుగులో కూడా మాట్లాడతారు, 14416లో.)

పేరున్నవాళ్ల ఉదాహరణలు అడిగారు కాబట్టి రెండు మూడు. 2017 అక్టోబర్ 1న లాస్ వేగాస్ సంగీతోత్సవంలో కాల్పులు జరిగినప్పుడు గిటారిస్ట్ కేలెబ్ కీటర్ అక్కడే ఉన్నాడు. అంతకుముందు గట్టి గన్ మద్దతుదారు. తమ బస్సులో లైసెన్సున్న గన్‌లున్నా ముట్టుకోలేకపోయామని, ముట్టుకుంటే పోలీసులు తమనే హంతకులనుకునేవాళ్లని, ఇన్నాళ్లూ పొరబడ్డానని మర్నాడే రాశాడు. దీనికి పూర్తిగా ఎదురు సుజానా హప్. 1991లో టెక్సస్‌లోని కిలీన్‌లో ఒక కెఫెటీరియాలో 23 మందిని కాల్చి చంపితే వాళ్లలో ఆవిడ తల్లీ తండ్రీ ఉన్నారు. అప్పటి చట్టానికి భయపడి ఆవిడ తన గన్ కారులో వదిలి లోపలికి వెళ్లింది. ఆ తర్వాత గన్ వెంట ఉంచుకునే హక్కు కోసం పోరాడింది. టెక్సస్‌లో 1995లో ఆ చట్టం వచ్చింది. అంత దుఃఖంలోంచి ఈ ఇద్దరూ వేర్వేరు దిక్కులకి నడిచారు, ఎవరినీ తప్పుపట్టలేను. మూడోది టెనెసీ గవర్నర్ బిల్ లీ. లైసెన్సు లేకుండా గన్ పెట్టుకోవచ్చన్న చట్టం మీద 2021లో సంతకం పెట్టిన మనిషి. 2023 మార్చిలో నాష్‌విల్ స్కూల్లో ఆరుగురు చనిపోయారు, వాళ్లలో ఒకావిడ ఆయన భార్యకి స్నేహితురాలు. తర్వాత ఆయనే, ప్రమాదకరంగా ఉన్నవాళ్ల నుంచి గన్‌లు తీసే చట్టం చేయమని అడిగి ప్రత్యేక సమావేశం పెట్టించాడు. ఆయన పార్టీవాళ్లే చేయలేదు.

మీ బావమరిదితో ఎలా మాట్లాడాలి అన్నారు. నిషేధం గురించి ఎత్తకండి. మ్యాగజైన్‌ని (తూటాలు పెట్టే పెట్టె) ఇంకేదో పేరుతో పిలిచారంటే ఆ రోజుకి ఇక మీ మాట వినడు, గన్ ఉన్నవాళ్లకి అదో చాదస్తం, నాకూ ఉంది. "మీ ఇంట్లో ఎక్కడ పెడతావు, మా పిల్లలొచ్చినప్పుడు తాళం ఎవరి దగ్గర ఉంటుంది" అని అడగండి. గన్‌కి వేసే కేబుల్ లాక్ లేదంటే చాలా ఊళ్లలో పోలీస్ స్టేషన్లోనే ఊరికే ఇస్తారు, ఒకటి పట్టుకెళ్లండి.

మా బావకి 2024లో ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత కూడా అయిదు నెలలు నన్ను అడగలేదు. ఒకరోజు సేఫ్ కొన్నానని, దాని కోడ్ వాళ్లావిడకే తెలుసని చెప్పి తీసుకెళ్లాడు. రైఫిళ్లు నిషేధిస్తామంటే ఇప్పటికీ కయ్యానికి వస్తాడు. కానీ వేరేచోట్ల ఇచ్చిన రెడ్ ఫ్లాగ్ ఆర్డర్లని కూడా ఇక్కడ గుర్తించకూడదని టెక్సస్ 2025లో చట్టం చేస్తే, జీవితంలో మొదటిసారి తన ప్రతినిధికి ఈమెయిల్ రాశాడు. నాకు చూపించాడు. మా తాత పేరు లేదు గానీ గోనెసంచి ఉంది అందులో.

నేనిచ్చిన రసీదు వాళ్ల ఫ్రిజ్ మీద, తిరుపతి మ్యాగ్నెట్ కింద ఇంకా ఉంది. మొన్న వెళ్లినప్పుడు, "ఇంకా ఎందుకమ్మా, చించెయ్యి" అన్నాను. "ఉండనీ అన్నయ్యా, ఎలక్షన్లు మళ్లీ వస్తాయిగా" అంది.