ఆస్టియోపెట్రోసిస్ ఉన్న చిట్టెలుకల్లో రక్తకణాలు ఎక్కడ తయారవుతాయి?

మజ్జ గది ఎముకతో పూడుకుపోయే ఆస్టియోపెట్రోసిస్ జబ్బున్న చిట్టెలుకల్లో రక్తకణాలు ఎక్కడ తయారవుతాయి, మజ్జ మార్పిడితో ఆ జబ్బు నయమవుతుందా అని మీరు అడిగారు. హైదరాబాదులో తార్నాక దగ్గరి ఒక ప్రయోగశాలలో ఇటువంటి చిట్టెలుకల కణజాలాలను పరిశీలించిన అనుభవంతో చెబుతున్నాను: మజ్జతో పాటు ప్లీహాన్ని కూడా తప్పక చూడండి.

ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుక తొడ ఎముకను రెండు చివరలా కత్తిరించి సిరంజితో సెలైన్ పంపితే ఎర్రటి మజ్జ ఇట్టే బయటికి వచ్చేస్తుంది. జబ్బున్న వాటిలో సూది మొన దిగడానికే చోటుండదు. పాత ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలు లేకపోవడమో, ఉన్నా పనిచేయకపోవడమో దీనికి కారణం. చిట్టెలుకల్లో పుట్టిన తరువాత కూడా ప్లీహం కొంత రక్తాన్ని తయారుచేస్తూనే ఉంటుంది కాబట్టి, మజ్జకు చోటు కరవైనప్పుడు ఎక్కువ భారం దాని మీద పడుతుంది. పిండదశలో ఆ పని చేసిన కాలేయమూ కొంత తోడవుతుంది. ప్లీహపు పలుచని కోతను మైక్రోస్కోప్ కింద పెడితే పెద్ద పెద్ద మెగాకార్యోసైట్‌లు (ప్లేట్‌లెట్లను తయారుచేసే కణాలు), వాటి చుట్టూ కేంద్రకం ఇంకా వదలని ఎర్రకణాల గుంపులు కనిపిస్తాయి. అందువల్ల తొడ ఎముకలోని కణాల లెక్క ఒక్కదాన్ని బట్టి రక్తోత్పత్తి తగ్గిందని రాయడం సరికాదని నా అభిప్రాయం.

ఇక మార్పిడి సంగతి. ఆస్టియోక్లాస్ట్‌లు కూడా రక్తకణాల వంశానివే. ఆరోగ్యమైన చిట్టెలుకల ప్లీహ, మజ్జ కణాలు ఎక్కిస్తే కొన్ని రకాల్లో ఎముక జబ్బు నయమవుతుందని డొనాల్డ్ వాకర్ 1975లో చూపారు. లోపం ఆస్టియోక్లాస్ట్ కణంలోనే ఉన్న ఓసీ/ఓసీ అనే చిట్టెలుకల రకం సాధారణంగా మూడు వారాలకు మించి బతకదు కాబట్టి, దానికి పుట్టిన వెంటనే మార్పిడి చేయాలి. ఓపీ/ఓపీ అనే మరో రకం కథ వేరు: అందులో దెబ్బతిన్నది సీఎస్ఎఫ్-1 జన్యువు అని 1990లో తేలింది, అంటే ఆస్టియోక్లాస్ట్‌గా మారే కణం బాగానే ఉన్నా దాన్ని పెంచే సీఎస్ఎఫ్-1 కారకం చుట్టుపక్కల లేదు. అందుకే మార్పిడి అక్కడ ఫలించదు, ఆ కారకాన్ని ఇస్తే ఫలితం కనిపిస్తుంది. పైగా వయసు పెరిగే కొద్దీ ఈ ఓపీ/ఓపీ చిట్టెలుకల మజ్జ గది కొంత దానంతటదే తెరుచుకుంటుంది, కనుక ఒకే వయసు తోబుట్టువులతోనే పోల్చండి.

ఈ జబ్బున్న చిట్టెలుకలకు పళ్లు మొలవవు, గట్టి దాణా తినలేవు. మెత్తగా పొడిచేసి తడిపిన దాణా పెట్టకపోతే, అర్ధాకలి వల్ల తగ్గిన కణాలను కూడా జబ్బు ఖాతాలో రాసేసే ప్రమాదం ఉంది.