నాయిన కాగితం మీద 'ఎఫ్' ఎందుకుంది?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. నాయినకు 72 ఏళ్లు, మతిమరుపు మొదలై మూడేళ్లయింది. బత్తాయి తోట కొట్టేసి ఎన్నేళ్లో అయినా తెల్లారకముందే లేచి "చెట్లకు నీళ్లు కట్టాలె" అని బయల్దేరుతాడు. నల్లగొండలో చూపిస్తే ఎఫ్ 00.1 అని రాశారు, హైదరాబాద్‌లో జి 30.1 అని రాశారు. మా పిన్ని కొడుకు ఫోన్‌లో వెతికి, ఎఫ్ అంటే మెంటల్ కేసు అని చుట్టాలందరికీ చెప్పిండు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడేమో అసలు ఎఫ్ 00 అనే కోడే లేదు, ఆ డాక్టరుకు తెల్వదు అంటున్నాడు. పైగా కాగితంలో 'లేట్' అని ఉంటే చూసి అమ్మ ఒకటే ఏడుపు. ఎవరి మాట నమ్మాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు అమ్మ ఏడుపు ఆపండి. పెళ్లి కార్డుల మీద పేరు ముందు 'లేట్' అని ఉంటే పోయినవాళ్లని మనకు అలవాటు, ఆమె భయపడటంలో తప్పేం లేదు. ఇక్కడ 'లేట్ ఆన్‌సెట్' అంటే 65 ఏళ్లు నిండాక మొదలైన జబ్బు అని, అంతే. అంతకు ముందే మొదలైతే 'ఎర్లీ', అప్పుడు కోడ్ చివర సున్నా పడేది. మీ నాయినకు 69లో మొదలైంది కాబట్టి ఒకటి పడింది.

ఇక రెండు కోడ్ల సంగతి. నేను ఆస్పత్రి రికార్డుల సెక్షన్లో ఇరవై ఏళ్లు ఈ అంకెలే రాశాను కాబట్టి ఇది కాస్త ఓపికగా చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బులన్నింటికీ నంబర్లిచ్చిన పట్టిక ఒకటుంది, ఐసీడీ అంటారు. మీ కాగితాల మీద ఉన్నవి దాని పదో కూర్పులోని నంబర్లు. అందులో జి అంటే నరాల జబ్బుల అధ్యాయం, ఎఫ్ అంటే మనసుకూ ప్రవర్తనకూ సంబంధించింది. మెదడు లోపల జరుగుతున్న నష్టం, అంటే అల్జీమర్స్, జి 30. దానివల్ల బయటికి కనిపించేది, అంటే దారి మర్చిపోవడం, లేని తోటకు నీళ్లు కట్టబోవడం, దీన్నే డిమెన్షియా అంటారు, ఇది ఎఫ్ 00. ఒక్క మనిషికే, ఒక్క జబ్బుకే రెండు వైపుల నుంచి పెట్టిన నంబర్లివి. పుస్తకంలో జి 30 పక్కన చిన్న కత్తి గుర్తు, ఎఫ్ 00 పక్కన నక్షత్రం గుర్తు ఉంటాయి. కత్తి గుర్తున్నది ముందు రాయాలి, నక్షత్రం గుర్తున్నది ఒక్కదాన్నే ఎప్పుడూ రాయకూడదు. కాబట్టి హైదరాబాద్ వాళ్లు సగం రాశారు, నల్లగొండ వాళ్లు మిగతా సగం రాశారు, జబ్బు విషయంలో ఇద్దరూ ఒకే మాట చెప్పారు. ఇది మా రికార్డుల వాళ్ల బద్ధకమే అనుకోండి, కంప్యూటర్లో ఒక్క గడి నింపితే చాలు అన్నట్టుంటుంది మా పని.

మీ తమ్ముడు చెప్పింది కూడా అబద్ధం కాదు, కాకపోతే అది అమెరికాకు. వాళ్లు ఆ పదో కూర్పునే తమకు తగ్గట్టు మార్చుకుని ఎఫ్ 00 తీసేశారు. అక్కడ ముందు జి 30 రాసి, దాని కింద ఎఫ్ 02 రాస్తారు. డల్లాస్ లెక్కతో నల్లగొండ డాక్టరును తిడితే ఎట్లా?

పిన్ని కొడుకుకు మాత్రం ఒకటి చెప్పండి. బీడీ, సిగరెట్ అలవాటుకు కూడా ఎఫ్‌లోనే, ఎఫ్ 17 అని కోడ్ ఉంది. తాగుడు అలవాటుకు ఎఫ్ 10. ఆ లెక్కన మెంటల్ కేసులు మీ ఊళ్లో ఎంతమందో ఆయన్నే లెక్కపెట్టి రమ్మనండి. అసలు డిమెన్షియాను మనసు వైపు ఉంచాలా, నరాల వైపు జరపాలా అని పెద్ద డాక్టర్ల మధ్యే గొడవ నడిచింది. పదకొండో కూర్పు తయారయ్యేటప్పుడు ఒక దశలో నరాల వైపు జరిపారు, సైకియాట్రిస్టులు ఒప్పుకోలేదు, మళ్లీ వెనక్కి తెచ్చారు. ఆ కూర్పును 2019లో ఆమోదించారు, 2022 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. అందులో అల్జీమర్స్ జబ్బు 8ఎ20, దానివల్ల వచ్చే డిమెన్షియా 6డి80. రేపు ఎప్పుడైనా ఆ నంబర్లు కనిపిస్తే కొత్త రోగం వచ్చిందని మళ్లీ టెన్షన్ పడకండి.

ప్రశ్న: మా అత్తమ్మకు 78 ఏళ్లు. కాగితం మీద ఎఫ్ 03, 'అన్‌స్పెసిఫైడ్' అని ఉంది. అంటే డాక్టరుకు ఏమీ అర్థం కాలేదనా? ఏనాడూ బడి మొహం చూడని ఆమెను వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నారు, ఒక వాక్యం రాయమన్నారు. ఆమె సిగ్గుపడి మాట్లాడటమే మానేసింది.
- అచ్చంపేట నుంచి ఒక కోడలు

జవాబు: ఎఫ్ 03 అంటే డిమెన్షియా ఉంది, కారణం ఇంకా తేలలేదు అని. మొదటి రోజు ఆ మాట రాయడం నిజాయితీయే. ఏడాది తర్వాత కూడా అదే ఉంటే మాత్రం అడగాల్సిందే. బీ12, థైరాయిడ్ రక్త పరీక్షలు చేశారా, తల స్కాన్ తీశారా? బీ12 తక్కువైనా, థైరాయిడ్ మందగించినా మతి తప్పినట్టే ఉంటుంది, వాటికి మందుంది. మెదడుకు రక్తం అందక వచ్చిందని తేలితే ఎఫ్ 01 అవుతుంది, అప్పుడు బీపీ, షుగర్ మీద గట్టిగా పడతారు. కోడ్ మారితే వైద్యం కూడా మారుతుందని చెప్పడానికే ఇదంతా.

ఆ పరీక్ష గురించి మీ కోపం న్యాయమే. అది చదువుకున్నవాళ్ల కోసం తయారుచేసింది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువు రాని పెద్దవాళ్ల కోసమే హిందీలో వేరే పరీక్ష తయారుచేశారు, అంటే ఇంకోలా అడగడం కుదురుతుందన్నమాట. ఈసారి వెళ్లినప్పుడు డాక్టరుతో ముందే చెప్పండి, ఆమెకు అక్షరం రాదని. మార్కుల కన్నా మీరు చెప్పేదే ఎక్కువ పనికొస్తుంది: కిరాణా కొట్టులో చిల్లర సరిగ్గా తెచ్చేదా, ఇప్పుడు తేగలదా, కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తోందా, అంగడి ఏ రోజో చెప్పగలదా. ఎన్ని నెలల నుంచి అన్నది కూడా చెప్పండి, కనీసం ఆరు నెలలు కొనసాగితేనే ఆ పేరు గట్టిగా పెట్టాలని లెక్క.

ఒకవేళ నిన్నటిదాకా మామూలుగా ఉన్న మనిషి రెండు రోజుల్లోనే గందరగోళపడి, రాత్రంతా అరుస్తుంటే అది వేరే సంగతి. దాన్ని డెలీరియం అంటారు, ఎఫ్ 05. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం పడిపోవడం, ఎండకు నీళ్లు తగ్గడం, కొత్తగా వేసిన నిద్రమాత్ర, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. డిమెన్షియా ఉన్నవాళ్లకు ఇది ఇంకా తొందరగా వస్తుంది. ముసలితనం అని తెల్లారేదాకా చూడకండి, అదే రాత్రి తీసుకెళ్లండి.

ప్రశ్న: ఎఫ్ కోడ్ ఉందని అమ్మ ఇన్సూరెన్స్ క్లెయిమ్ కొట్టేశారు. డాక్టరును బతిమాలి కోడ్ మార్పించమంటారా?
- వనపర్తి పాఠకుడు

జవాబు: వద్దు. జబ్బు ఒకటుంటే కోడ్ ఇంకోటి రాయించడం మోసం కిందికి వస్తుంది, దొరికితే పాలసీయే పోతుంది. నిజంగా అల్జీమర్సే అయి జి 30 వదిలేసి ఉంటే, దాన్ని కలిపి రాయమని అడగొచ్చు, అది సవరణే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 21(4) ప్రకారం ఒంటి జబ్బులకు ఎట్లా బీమా ఇస్తారో మానసిక జబ్బులకూ అట్లాగే ఇవ్వాలి. కాబట్టి ఎఫ్ అని ఉన్నంత మాత్రాన కొట్టేయడం కుదరదు. వెయిటింగ్ పీరియడ్ కాలేదనో, పాత జబ్బు దాచారనో అంటే అది వేరే గొడవ, పాలసీ కాగితం తీసి చదవాలి. ముందు ఎందుకు కొట్టేశారో రాతపూర్వకంగా తీసుకోండి. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి, అంటే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు పంపండి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి, ఆ తేదీ మాత్రం క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.