"ఎన్‌సీఏఏ డివిజన్ 2, ఎంఐఏఏ కాన్ఫరెన్స్ సభ్యత్వం" అని ఉంది. సెకండ్ గ్రేడ్ యూనివర్సిటీ అనుకోవాలా?

మిస్సోరీలో ఎమ్మెస్ అడ్మిట్ వచ్చిందనీ, వెబ్‌సైట్‌లో ఈ "డివిజన్ 2" చూసి ఇంట్లో కంగారు పడుతున్నారనీ రాశారు. 2018లో మా ఇంట్లో అచ్చం ఇదే గొడవ. ఫస్ట్ డివిజన్, సెకండ్ డివిజన్, థర్డ్ డివిజన్ అనే లెక్కల్లో చదువుకున్న మనిషి మా నాన్న. "అప్పు చేసి మరీ సెకండ్ డివిజన్ కాలేజీకి పోతావురా?" అని నా అడ్మిట్ కాగితం మడిచి టీవీ మీద పెట్టేశారు. సర్దిచెప్పడానికి కన్సల్టెన్సీకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు ఇంకో అడుగు ముందుకేసి, "కాన్ఫరెన్స్ అంటే అక్కడ పెద్ద పెద్ద రీసెర్చ్ కాన్ఫరెన్సులు జరుగుతాయి సార్" అన్నాడు. నాన్న నమ్మారు. నేనూ నమ్మాను, అదీ అసలు సిగ్గు!

రెండూ తప్పే. ఎన్‌సీఏఏ అనేది కాలేజీ ఆటలు నడిపే సంస్థ, పాఠాలతో దానికి పని లేదు. 1973లో అది కాలేజీలను మూడు డివిజన్లు చేసింది. ఆటల మీద ఎంత ఖర్చు పెడతారు, ఆటగాళ్లకు ఎన్ని స్కాలర్‌షిప్‌లు ఇస్తారు అన్నదాన్ని బట్టే ఆ విభజన. డివిజన్ 1 అంటే టీవీ హక్కులు, లక్ష మంది పట్టే స్టేడియాలు. డివిజన్ 2లో స్కాలర్‌షిప్‌లు ఉంటాయి కానీ చాలామందికి ముక్కలుగా పంచుతారు, ఒకరికి సగం ఫీజు, ఇంకొకరికి పుస్తకాల ఖర్చు అలా. డివిజన్ 3లో ఆట పేరు చెప్పి పైసా ఇవ్వరు. రంజీలో ప్లేట్ గ్రూపు నుంచి ఎలైట్‌కి వెళ్లినట్టు గెలిచి పైకెక్కడం ఇందులో లేదు. ఏ డివిజన్‌లో ఉండాలో యూనివర్సిటీయే తేల్చుకుని దరఖాస్తు పెట్టుకోవాలి. డబ్బుంటేనే ఆ ఆలోచన.

మీ నాన్నగారికి ఒక్క మాట చెప్పి చూడండి: ఎంఐటీ చాలా ఆటలు ఆడేది డివిజన్ 3లో. కాల్‌టెక్ కూడా అంతే. యూనివర్సిటీ ఆఫ్ షికాగో కథ ఇంకా బాగుంటుంది. బిగ్ టెన్ అనే మహా కాన్ఫరెన్స్‌ను, అంటే కాలేజీల ఆటల కూటమిని, మొదలుపెట్టిన కాలేజీల్లో అదొకటి. కాలేజీ ఫుట్‌బాల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్, మన ఫుట్‌బాల్ కాదు) అతి పెద్ద బహుమతి అయిన హైస్‌మన్ ట్రోఫీని 1935లో మొట్టమొదట అందుకున్నది షికాగో కుర్రాడు జే బెర్వాంగర్. అలాంటి కాలేజీ 1939లో ఫుట్‌బాల్ జట్టునే రద్దు చేసుకుని, 1946లో బిగ్ టెన్ నుంచి బయటికొచ్చేసింది. ఇప్పుడది డివిజన్ 3. చదువులో ఏం తగ్గింది? ఇక మన వాళ్లు కళ్లకద్దుకునే ఐవీ లీగ్ ఉందే, అది కూడా ఎనిమిది కాలేజీలు కలిసి ఆడుకునే ఆటల కాన్ఫరెన్సే. ఆ పేరు చదువుకి ముద్ర అయిపోవడం తర్వాతి సంగతి.

కాన్ఫరెన్స్ అంటే, కలిసి ఆడుకునే ఇరుగుపొరుగు కాలేజీల కూటమి. మీ కాగితం మీదున్న ఎంఐఏఏ 1912లో మిస్సోరీ కాలేజీలు పెట్టుకున్నది. అప్పట్లో పేరులో మొదటి ఎం అంటే మిస్సోరీ. తర్వాత కాన్సస్ కాలేజీలు వచ్చి చేరాయి. 1992లో పేరు మారుస్తూ అదే ఎం అక్షరానికి "మిడ్-అమెరికా" అని అర్థం తగిలించారు. లోగో ఖర్చు మిగిలినట్టుంది! 2012లో నెబ్రాస్కా నుంచి కియర్నీ ఊళ్లోని యూనివర్సిటీ, ఓక్లహోమా నుంచి రెండు కాలేజీలు వచ్చాయి. వెళ్లిపోయినవీ ఉన్నాయి: ట్రూమన్ స్టేట్ 2013లో పక్క కాన్ఫరెన్స్‌కి మారింది.

వీటిలో రెండు కాలేజీలు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో మీరు వినే ఉంటారు. వారెన్స్‌బర్గ్‌లోని యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరీ, మేరీవిల్‌లోని నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్. నేను చదివింది రెండోది. సెంట్రల్ మిస్సోరీ మగవాళ్ల జట్టు పేరు మ్యూల్స్, ఆడవాళ్లది జెన్నీస్. అంటే కంచరగాడిదలు, ఆడ గాడిదలు. మన దగ్గర ఏ కాలేజీ అయినా జట్టుకి ఆ పేరు పెడితే పిల్లలు ధర్నా చేస్తారు. అక్కడ మాత్రం కంచరగాడిద మిస్సోరీ రాష్ట్ర జంతువు. ఆ గాడిదలే 1984లో ఒకే ఏడాది మగవాళ్లూ ఆడవాళ్లూ బాస్కెట్‌బాల్ డివిజన్ 2 టైటిళ్లు రెండూ పట్టుకుపోయారు. అంతకుముందు ఏ కాలేజీ అది చేయలేదు. పిట్స్‌బర్గ్ స్టేట్ వాళ్లు గొరిల్లాలు. ఇది కాన్సస్‌లోని పిట్స్‌బర్గ్, ఇంగ్లిష్ స్పెల్లింగ్ చివర హెచ్ ఉండదు. మా రూమ్మేట్ బాబాయి అది పెన్సిల్వేనియా పిట్స్‌బర్గ్ అనుకుని, "న్యూజెర్సీ నుంచి కారులో వచ్చేస్తాలే" అన్నారు.

మీకు కాన్ఫరెన్స్ జాబితా నిజంగా పనికొచ్చేది ఒక్కందుకే, అది ఊళ్ల పటం. మా జట్టు సెయింట్ జోసెఫ్‌లో ఆడితే ముప్పావు గంట ప్రయాణం. కాన్సస్‌లోని హేస్‌లో ఆడితే బస్సులో ఐదు గంటల పైనే, దారంతా మొక్కజొన్న, గోధుమ చేలు. ఇవన్నీ చిన్న ఊళ్లు. మేరీవిల్ జనాభా పది, పన్నెండు వేలు. కందిపప్పు, కరివేపాకు కావాలంటే కాన్సస్ సిటీకి గంటన్నర పైగా రైడ్ వెతుక్కోవాలి. డివిజన్ అంకె గురించి కాకుండా దీని గురించి కంగారు పడండి, నేను ఒప్పుకుంటాను.

నాకు బాస్కెట్‌బాల్ ఓనమాలు తెలియవు. మొదటి జనవరిలో మ్యాచ్‌కి వెళ్లింది వెచ్చగా ఉంటుందని, ఐడీ చూపిస్తే టికెట్ అక్కర్లేదని. పక్క సీటులో ఒక రిటైరైన రైతు తాత. నేను తప్పు సమయంలో చప్పట్లు కొట్టడం చూసి, రెండో మ్యాచ్ నుంచి నాకు రూల్స్ చెప్పడం మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి సూపర్ మార్కెట్‌లో నన్ను గుర్తుపట్టి పలకరించేవాళ్లు ముగ్గురు నలుగురు తయారయ్యారు. అంతకుముందు ఐదు నెలలు ఆ ఊళ్లో తెలుగువాళ్లతో తప్ప మాట్లాడిన గుర్తు లేదు నాకు.

ఆ సీజన్ మామూలుది కాదని తర్వాత తెలిసింది. బెన్ మెకాలమ్ కోచ్, మొత్తం 38 మ్యాచ్‌లు, ఒక్కటీ ఓడలేదు. 2019 మార్చి 30, ఉగాదికి సరిగ్గా వారం ముందు. ఫైనల్ ఇండియానాలోని ఎవాన్స్‌విల్‌లో, కాలిఫోర్నియా పాయింట్ లోమా మీద. మా అపార్ట్‌మెంట్‌లో ఎనిమిది మందిమి చేరి, పొయ్యి మీద సాంబారు మరిచిపోయి చూశాం. 64-58. గిన్నె మాడిపోయింది, ఇంటి బయట హారన్ల మోత. తర్వాత 2021లో, 2022లో కూడా అదే జట్టు గెలిచింది, మధ్యలో 2020 పోటీలు కోవిడ్ వల్ల రద్దయ్యాయి. మెకాలమ్ ఇప్పుడు బిగ్ టెన్‌లోని అయోవాకి కోచ్. నాన్నకి వీడియో కాల్ చేసి "మన సెకండ్ డివిజన్ కాలేజీ నేషనల్ ఫస్ట్" అంటే, "మరి నీ జీపీఏ ఎంత?" అన్నారు.

చదువు సంగతికి మాత్రం వేరే చోట వెతకాలి. ఈ ప్రాంతపు యూనివర్సిటీలకు హయ్యర్ లెర్నింగ్ కమిషన్ గుర్తింపు ఉందా, మీ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉందా, మీ డిపార్ట్‌మెంట్ నుంచి గత రెండు బ్యాచ్‌ల వాళ్లు ఎక్కడ పని చేస్తున్నారు, ఇవి చూసుకోండి. చివరిది కన్సల్టెన్సీని కాదు, లింక్‌డిన్‌లో సీనియర్లనే అడగండి.

బీటెక్‌లో యూనివర్సిటీకి వాలీబాల్ ఆడాను, అక్కడ జట్టులోకి తీసుకుంటారా అని కూడా అడిగారు. కష్టం. డివిజన్ 2లో పూర్తికాలం చదివిన మొదటి పది సెమిస్టర్ల లోపే ఆడాలి అనేది నేను చదివే రోజుల్లో నిబంధన. మన బీటెక్ ఎనిమిది సెమిస్టర్లూ ఆ లెక్కలోకే వస్తాయి. పైగా మేరీవిల్‌లో నేనున్నప్పుడు వాలీబాల్‌కి ఆడవాళ్ల జట్టే ఉండేది. ఇంట్రామ్యూరల్స్ అని కాలేజీ లోపలి పోటీలు ఉంటాయి, వాటికి ఈ లెక్కలేమీ లేవు. సెమిస్టర్ మొదట్లోనే రిక్రియేషన్ సెంటర్‌కి వెళ్లి పేరు ఇవ్వండి, జట్లు త్వరగా నిండిపోతాయి. బూట్లు ఇక్కడి నుంచే తీసుకెళ్లండి.