గ్లూకోజ్ కరుగుతుందా, అరుగుతుందా, మండుతుందా?

సందేహం: మా అమ్మాయి పదో తరగతి జీవశాస్త్రం నోట్సులో "కణంలో గ్లూకోజ్ కరిగి శక్తి పుడుతుంది" అని రాసుకుంది. నేను "కరిగి" కొట్టేసి "మండి" అని దిద్దాను. వాళ్ల మామయ్య "అరిగి" అనాలంటాడు. టీచరేమో "విచ్ఛిన్నం చెంది" అని చెప్పారట. ఏది సరైనది? ఇంకోటి, కణానికి ముక్కు లేదు, ఊపిరితిత్తులు లేవు, మరి ఈ పనిని శ్వాసక్రియ అనడమేమిటి?

సమాధానం: "కరిగి" వద్దు. టీలో చక్కెర కరిగినా చక్కెరగానే ఉంటుంది, లేకపోతే టీ తియ్యగా ఎందుకుంటుంది? గ్లూకోజ్ రక్తంలో కరిగే ప్రయాణం చేస్తుంది కాబట్టి ఆ మాట అక్కడ సరిపోతుంది. కణంలోకి వెళ్లాక మాత్రం అది గ్లూకోజ్‌గా మిగలదు. "నడిస్తే కొవ్వు కరుగుతుంది" అని అందరం అంటుంటాం కదా, మీ అమ్మాయికి ఆ మాట అక్కణ్ణుంచి వచ్చి ఉంటుంది. మాటల్లో ఎవరూ తప్పు పట్టరు గానీ పరీక్షలో మార్కు పోతుంది.

"అరిగి" మంచి తెలుగు మాట. చెప్పులు అరుగుతాయి, గంధపుచెక్క అరుగుతుంది, తిన్న అన్నమూ అరుగుతుంది. కాకపోతే ఆ పని నోట్లో మొదలై పేగుల్లో ముగుస్తుంది, అన్నంలోని పిండిపదార్థం అరిగితే వచ్చేదే గ్లూకోజ్. కణం పని ఆ తర్వాత. మామయ్యగారు ఒక పాఠం వెనక ఉన్నారు, అంతే.

ఇక మీ "మండి". దీనికి పెద్దల అండ ఉంది. 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో లావోయిజర్, లాప్లాస్ అనే శాస్త్రవేత్తలు కలిసి ఒక గినీపందిని మంచు నింపిన పరికరంలో ఉంచి, దాని ఒంటివేడికి ఎంత మంచు కరిగిందో కొలిచి, శ్వాసక్రియ అంటే బొగ్గు మండడం లాంటిదే, కాస్త నెమ్మదిగా జరుగుతుందంతే అని తేల్చారు. చివరి లెక్క చూస్తే వాళ్ల మాట నిజమే: గ్లూకోజ్, ఆక్సిజన్ ఖర్చయి కార్బన్ డయాక్సైడు, నీళ్లు మిగులుతాయి, మండించినా అంతే, కణం వాడుకున్నా అంతే. 180 గ్రాముల గ్లూకోజుకు సుమారు 686 కిలోకాలరీల శక్తి అందుతుంది. కానీ మంటలో అదంతా ఒక్కసారిగా వేడిగా, వెలుగుగా పోతుంది. కణం అదే పనిని ఎన్నో మెట్లుగా విడగొట్టి, వచ్చిన శక్తిలో కొంత ఏటీపీ అనే అణువులో పట్టి ఉంచుకుంటుంది, మిగతాదే మన ఒంటి వెచ్చదనం. (ఈ ఏటీపీని 1929లో జర్మనీలో లోమన్ కనుక్కున్నాడు, అదే ఏడాది అమెరికాలో ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కూడా కనుక్కున్నాడు. పాఠం చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చెబితే పిల్లలు ఏటీపీని మర్చిపోరు.) తెలుగులో "మండు" అన్న చోటల్లా మంటో, మంటలాంటి బాధో ఉంటుంది, కళ్లు మండినా కడుపు మండినా. కణంలో అదేదీ లేదు. పైగా గ్లూకోజ్ విరిగే మొదటి దశకు ఆక్సిజన్ అక్కర్లేదు. ఎర్రరక్తకణాలు ఆ ఒక్క దశతోనే బతుకు వెళ్లదీస్తాయి, కల్లు పులిసేటప్పుడు ఈస్టు కూడా ఆ దశలోనే శక్తి రాబట్టుకుంటుంది. ఆక్సిజన్ లేకుండా మండడమేమిటి?

"విచ్ఛిన్నం" ఈ మొదటి దశకు చక్కగా అతుకుతుంది. ఛిద్ ధాతువుకు అర్థం నరకడం, తుంచడం. ఈ మొదటి దశకే గ్లైకాలసిస్ అని పేరు. పది మెట్లున్న ఈ దారిలో నాలుగో మెట్టు దగ్గర, అప్పటికే కొంచెం రూపు మారిన ఆ ఆరు కార్బన్ల అణువు నిజంగానే రెండు ముక్కలవుతుంది, చివరికి రెండు పైరువిక్ ఆమ్లాలు వస్తాయి. వ్యాకరణం పట్టుకుంటే విచ్ఛిన్నం అంటే "తుంచబడినది", పని పేరు కాదు. పనికి విచ్ఛిత్తి, విచ్ఛేదం ఉన్నాయి, కేంద్రక విచ్ఛిత్తి అంటున్నాం కదా. కాబట్టి "విచ్ఛిన్నం చెంది" కంటే "విచ్ఛిన్నమై" మేలు. అయితే మొదటిది కూడా పుస్తకాల్లో పాతుకుపోయింది, దాని కోసం టీచరుగారితో గొడవ పడకండి. ఛ కింద ఒత్తు మాత్రం పోనివ్వొద్దు, "విచ్చిన్నం" అని రాసేవాళ్లే ఎక్కువ కనిపిస్తున్నారు. నోట్సుకు అచ్చతెలుగు కావాలంటే "విడిపోయి" అనొచ్చు, నాకైతే అదే ఇష్టం.

ఇక్కడో చిక్కుంది. విచ్ఛిన్నమైతే శక్తి వస్తుందని చదివి పిల్లలు అణువులోని బంధం తెగడం వల్లే శక్తి వస్తుందనుకుంటారు. బంధం తెంచడానికి నిజానికి శక్తి ఖర్చవుతుంది. గ్లైకాలసిస్‌లో ముందు రెండు ఏటీపీలు పెట్టుబడి పెడితే నాలుగు వస్తాయి, మిగిలేది రెండే. ఆ తర్వాత మైటోకాండ్రియాలో (కణం లోపల శక్తిని రాబట్టే భాగాలివి), గ్లూకోజ్ నుంచి తీసిన ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌ను చేరి నీళ్లు ఏర్పడే దారిలో అసలు రాబడి ఉంటుంది, అంతా కలిపి 30, 32 ఏటీపీల దాకా. పాత పుస్తకాల్లో 36, 38 అని ఉంటుంది, ఇప్పటి లెక్క తగ్గింది. ఇలా ఎలక్ట్రాన్లను కోల్పోవడాన్నే ఆక్సీకరణం అంటారు, అందుకే మొత్తం ప్రక్రియ గురించి రాసేటప్పుడు "ఆక్సీకరణం చెంది" అనడం న్యాయం.

"శక్తి పుడుతుంది" అన్నదీ మార్చాలి. గ్లూకోజులో ఉన్నదే బయటికొస్తోంది, కొత్తగా పుట్టేదేమీ లేదు, కాబట్టి "విడుదలవుతుంది" సరైన మాట.

శ్వాసక్రియ సంగతి. ఊపిరి పీల్చి వదలడానికి మనకు ఉచ్ఛ్వాస నిశ్వాసాలు వేరే ఉన్నాయి, దాన్నే శ్వాసించడం అంటాం. ఆ తెచ్చుకున్న ఆక్సిజన్ చివరికి ఖర్చయ్యేది కణంలో కాబట్టి అక్కడి పనిని కూడా శాస్త్రపుస్తకాలు శ్వాసక్రియ అన్నాయి. దీన్ని తప్పనలేం, సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో "శ్వస ప్రాణనే" అనే ఉంది, ప్రాణనం అంటే ఊపిరి తీయడమే కాదు, బతకడం కూడా. అయినా పిల్లలు తికమక పడకుండా "కణశ్వాసక్రియ" అని రాయించండి. ఆక్సిజన్ లేకుండా జరిగేదాన్ని "అవాయు శ్వాసక్రియ" అంటారు, వినడానికి గాలి లేని ఊపిరిలా వింతగా ఉంటుంది గానీ ఏళ్లుగా వాడుకలో ఉన్న పరిభాష, మార్చబోతే ఇంకో గందరగోళం.

మీ అమ్మాయి వాక్యం ఇలా దిద్దుకోవచ్చు: "కణంలో గ్లూకోజ్ మొదట పైరువిక్ ఆమ్లంగా విచ్ఛిన్నమై, తర్వాత ఆక్సిజన్ సాయంతో ఆక్సీకరణం చెందడం వల్ల శక్తి విడుదలవుతుంది."