సాపేక్షత చదవబోయే శ్రావణికి

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవి శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. ఖగోళ భౌతికశాస్త్రంలో పరిశోధన చేయాలన్న పట్టుదలతో సాధారణ సాపేక్ష సిద్ధాంతం చదవడం మొదలుపెట్టావని మీ నాన్న చెప్పాడు, చాలా సంతోషం. టెన్సర్ల గణితం ఎలాగూ తప్పదు, దానికి పట్టినంత కాలం పట్టనీ. ఈలోగా ఒక అలవాటు చేసుకో: ఏ తార గురించి చదివినా దాని ష్వార్జ్‌షైల్డ్ వ్యాసార్థాన్ని, అంటే అది కృష్ణబిలంగా మారాలంటే ఎంతకు కుదించుకుపోవాలో ఆ వ్యాసార్థాన్ని, అసలు వ్యాసార్థంతో భాగించి చూడు. ఐన్‌స్టీన్ అక్కడ ఎంత అవసరమో ఆ నిష్పత్తే చెబుతుంది.

సూర్యుడితో మొదలుపెట్టు. గురుత్వ స్థిరాంకాన్ని సూర్యుని ద్రవ్యరాశితో గుణించి, రెట్టింపు చేసి, కాంతివేగపు వర్గంతో భాగిస్తే 2.95 కిలోమీటర్లు వస్తుంది. సూర్యుని వ్యాసార్థం దాదాపు 6,96,000 కిలోమీటర్లు కనుక నిష్పత్తి పది లక్షల్లో నాలుగు వంతులకు కొంచెం పైన. దాన్ని మళ్లీ రెట్టింపు చేస్తే, సూర్యుని అంచును ఒరుసుకుంటూ వచ్చే కాంతి ఎన్ని రేడియన్లు వంగుతుందో తేలుతుంది. ఆర్క్ సెకన్లలోకి (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) మారిస్తే అది 1.75. 1919 మే 29 సూర్యగ్రహణం నాడు బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ ప్రభృతులు పరీక్షకు పెట్టింది ఈ విలువనే. న్యూటన్ లెక్కలో ఇందులో సగమే వస్తుంది. మిగతా సగం స్థలపు వంపు పుణ్యమే. ఈ లెక్కను కంప్యూటర్‌కు అప్పగించకుండా కాగితం మీదే చెయ్యి.

తర్వాత 1.4 సూర్యుల బరువుండి, సుమారు 12 కిలోమీటర్ల వ్యాసార్థమే ఉన్న న్యూట్రాన్ తారను తీసుకో. నిష్పత్తి మూడో వంతుకు చేరుతుంది. అక్కడ తారను నిలబెట్టే పీడనం కూడా గురుత్వాన్ని పెంచుతుంది కాబట్టి, ఒక హద్దు దాటాక ఎంత పీడనమున్నా కూలిపోక తప్పదు.

కృష్ణబిలాల దగ్గరికి వచ్చాక భౌతిక శాస్త్రవేత్త సి.వి. విశ్వేశ్వర గారి 1970 నాటి వ్యాసం తప్పక చదువు. ఈ బెంగళూరులోనే పుట్టి, ఇక్కడి నెహ్రూ ప్లానెటేరియానికి తొలి డైరెక్టరైన మనిషి ఆయన. కదిలించిన కృష్ణబిలం కొన్ని నిర్దిష్ట పౌనఃపున్యాలతో మోగి అణగిపోతుందని అప్పుడే లెక్కించి చూపారు. 2015 సెప్టెంబర్ 14న గురుత్వ తరంగాలను పసిగట్టే లైగో పరిశోధనశాల పట్టుకున్న సంకేతం తోకలో కనిపించింది అలాంటి మోతే. సుమారు 36, 29 సూర్యుల బరువున్న రెండు కృష్ణబిలాలు కలిసి 62 సూర్యుల బరువుదిగా మారాయి. మిగిలిన మూడు సూర్యుల ద్రవ్యరాశి గురుత్వ తరంగాలుగా వెళ్లిపోయింది.

అంత దూరం వెళ్లేలోగా బుధగ్రహ కక్ష్య లెక్క పూర్తిచేసి నాకు పంపు. న్యూటన్ లెక్కకు అందని కక్ష్య అదనపు తిరుగుడు శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లు రావాలి. రాకపోతే, ఎక్కడ ఆగావో ఆ పేజీ ఉన్నదున్నట్టు పంపించు, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెదనాన్న