శాసన స్తంభానికి రంగు వేయొచ్చా?

ప్రశ్న: మాది మోటుపల్లి దగ్గర పల్లె. మా గుడి మండపంలో పాత శాసన స్తంభం ఉంది. జీర్ణోద్ధరణలో శాండ్ బ్లాస్టింగ్ (యంత్రంతో ఇసుక చిమ్మి శుభ్రం చేయడం) చేయించి, అక్షరాలకు ఎనామిల్ పెయింట్ వేసి, సందులు సిమెంటుతో పూడుద్దామంటున్నారు. మంచిదేనా?

జవాబు: మూడూ వద్దు. ఇసుక దెబ్బకు ముందు పోయేది అక్షరాల అంచులే. మోటుపల్లి రేవులో కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం చూడండి. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు లాక్కునేవారు. తాను సుంకం తప్ప ఏదీ తీసుకోనని, అదీ ముప్పయ్యో వంతేనని అందులో చెప్పాడు. అలాంటి చోట ఒక్క అంకె అరిగితే లెక్కే మారిపోతుంది.

దుమ్ముకు మంచినీళ్లు, మెత్తటి నైలాన్ బ్రష్ చాలు. పాత సున్నం పొరలుంటే తడిగుడ్డ కప్పి నాననిచ్చి, వెదురుపుల్లతో కొంచెం కొంచెంగా లేపాలి. యాసిడ్ వద్దు, ఇనుప బ్రష్ అసలే వద్దు; దాని రజను రాతిలో చిక్కి తుప్పు మరకలవుతుంది. అక్షరాలు చదవాలంటే రంగెందుకు? రాత్రిపూట టార్చిని పక్కనుంచి, రాతికి దాదాపు ఆనించి వేస్తే గుంటల్లో నీడ పడి స్పష్టంగా కనిపిస్తాయి. అలాగే ఫొటోలు తీయండి.

పని మొదలుకాకముందే పురావస్తు శాఖకు రాసి నకలు తీయించండి. తడి కాగితాన్ని రాతిపై పరిచి, బ్రష్‌తో కొట్టి అక్షరాల్లోకి దించి, తడి లాగాక సిరా అద్దుతారు. కాగితం మరీ తడిగా ఉంటే సిరా రాతికి దిగుతుంది, కాబట్టి ఇది చేయి తిరిగినవారి పని.

సముద్రపుగాలి ఊళ్లలో సిమెంటు ఇంకా చేటు. సందుల్లోంచి ఆరాల్సిన తడి దారిలేక రాతి ముఖంలోంచి వస్తుంది. వెంట వచ్చిన ఉప్పు అక్కడే గడ్డకట్టి పొరలు రాలుస్తుంది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఏటి ఇసుక కలిపి వాడండి. సముద్రపు ఇసుక వాడితే మనమే ఉప్పు పెట్టినట్టు.

ప్రశ్న: పునాది తవ్వితే పచ్చబడ్డ రాగి నాణేలు, కుండ పెంకులు దొరికాయి. చింతపండుతో తోమవచ్చా?

జవాబు: వద్దండీ! ఆ పచ్చపొరతోపాటే ముద్ర, అక్షరాలు ఊడిపోతాయి. కడగకుండా విడివిడిగా కాగితం కవర్లలో పెట్టి, ఎక్కడ, ఎన్ని అడుగుల లోతున దొరికిందో రాయండి. పక్కన ఏ పెంకు ఉందో కూడా రాయాలి, నాణెం కాలం తేల్చడానికి అదీ ఆధారమే. తవ్వకం ఆపండి. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన దేన్నైనా కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలి.