మత్స్య, వన్యప్రాణి సంరక్షణలో పైస్థాయికి వెళ్ళేవారి ఉద్యోగ జీవితం మన దగ్గర ఎలా ఉంటుంది?

అమెరికాలోని ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ మాదిరిగా చేపలనూ వన్యప్రాణులనూ కలిపి చూసే ఉద్యోగం మన దగ్గర ఉందా, మత్స్యశాస్త్రంలో డిగ్రీ చదువుతున్న మీ అమ్మాయి అందులో నాయకత్వ స్థాయికి ఎదగాలంటే ఎటు వెళ్ళాలి అని మీరు అడిగారు. నేను ఆంధ్రప్రదేశ్ అటవీశాఖలో రేంజి అధికారిగా చేరి, ముప్పై ఏళ్ళు పనిచేసి, డివిజన్ స్థాయిలో పదవీ విరమణ చేసినవాడిని. నా సర్వీసులో ఎక్కువ భాగం కొల్లేరులోనూ కోరింగ మడ అడవుల్లోనూ గడిచింది కనుక, జవాబు కూడా ఆ నీళ్ళ మీదుగానే చెప్పగలను.

అటువంటి ఒకే ఉద్యోగం మన దగ్గర లేదు. అమెరికాలో 1940లో మత్స్య విభాగాన్నీ జీవజాతుల సర్వే విభాగాన్నీ కలిపేశారు. అందువల్ల అక్కడ చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాలూ వలసపక్షుల ఆశ్రయాలూ ఒకే డైరెక్టరు కిందకు వస్తాయి. ఆ డైరెక్టరుకు ఈ రంగంలో శాస్త్రీయ విద్య, అనుభవం రెండూ ఉండాలని చట్టంలోనే రాసుకున్నారు. మన దగ్గర నీళ్ళలో ఉన్న చేప మత్స్యశాఖది, దాన్ని ముక్కున కరుచుకుని ఎగిరిన గూడబాతు (పెలికాన్) అటవీశాఖది. దిగుబడి ఎన్ని టన్నులు పెరిగిందని మత్స్యశాఖను అడుగుతారు, ఎన్ని గూళ్ళు నిలిచాయని అటవీశాఖను అడుగుతారు. ఈ రెండు లెక్కలూ ఒకే సరస్సులో ఢీకొన్నప్పుడు రెండు పక్షాల భాషా తెలిసిన మనిషి కావలసి వస్తుంది. నేను చూసినంతలో సంరక్షణలో నిజమైన నాయకత్వం అటువంటివారికే దక్కింది, వారి హోదా ఏదైనా.

నేను ఆ భాష నేర్చుకున్నది ఒక తప్పు చేసి. కొల్లేరును 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును చూపే రేఖ) వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలకు ఇచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. ఆ తరువాతి సంవత్సరం వానాకాలంలో, నేను అక్కడికి బదిలీ అయి నెల కూడా కాకముందే, ఒక తెల్లవారుజామున లంక గ్రామం పక్కన ఒక పెద్దాయన దోనెలో నిలబడి నీళ్ళలోంచి మావు పైకి తీస్తుండగా చూశాను. మావు అంటే వెదురు బద్దలతో అల్లిన చేపల బుట్ట. మూతి దగ్గర బద్దలు లోపలికి వంగి ఉంటాయి కనుక లోపలికి వెళ్ళిన చేప తిరిగి రాలేదు. అభయారణ్యంలో వేట నేరమన్న ఒక్క వాక్యం మాత్రమే తలలో పెట్టుకున్న నేను ఆయన మావులన్నింటినీ స్వాధీనం చేసుకుని జీపులో వేయించాను. ఆయన వాదించలేదు. ఒక మావు చేతిలోకి తీసుకుని బద్దల సందులో చిటికెన వేలు దూర్చి, "చూడండి బాబూ, వేలంత చేప పోతుంది, చెయ్యంత చేపే ఉంటుంది" అన్నారు. తరువాత గెడ ఎత్తి, తూర్పున కనిపిస్తున్న చేపల చెరువు గట్టు వైపు చూపించారు.

ఆ రాత్రి అభయారణ్య ఉత్తర్వును మొదటి నుంచి చివరి వరకు చదివితే తెలిసింది, సంప్రదాయ వేటకు అందులో అనుమతి ఉంది, నిషేధం గట్లు కట్టి చేపలు పెంచడానికి. మరునాడు మావులు తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. జీపులో కుక్కినప్పుడే రెండింటి బద్దలు విరిగాయి. అభయారణ్యాన్ని కాపాడవలసిన నేను, దానికి ఏ హానీ చేయనివాడి పనిముట్లు విరగ్గొట్టి, దాని నీటి దారులను మూసేసిన గట్ల జోలికి పోలేదన్న సంగతి ఆ విరిగిన బద్దలు పట్టుకున్నప్పుడు బాగా అర్థమైంది. తరువాతి మూడేళ్ళలో బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎక్కడ ఆగుతాయో, సరస్సు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు మొగ ఎందుకు పూడుతుందో, నీరు కదలకపోతే గుర్రపుడెక్క ఎంత త్వరగా కమ్ముకుంటుందో నాకు చెప్పినవారు ఆ పెద్దాయనా, ఆయన తోటివారే. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలో రేంజి అధికారులకు ఇచ్చే మూడు నెలల శిక్షణ కూడా పొందాను, అది చాలా మంచి శిక్షణ. కానీ ఉప్పుటేరు గురించి అక్కడ ఎవరు చెబుతారు?

2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు తెంచారు. పత్రికల్లో అది గెలుపోటముల కథగా వచ్చింది. గట్ల మీద నిలబడినవారికి మరోలా కనిపించింది. చాలాచోట్ల పెట్టుబడి పెట్టి చెరువును లీజుకు తీసుకున్నవారు ఎక్కడో పట్టణంలో ఉన్నారు, ఆ చెరువుకు కాపలా కాసి మేత వేసే కూలీ మాత్రం మా ఎదుట ఉన్నాడు. పొక్లెయిన్ గట్టులోకి దిగినప్పుడు తిట్లు తిన్నది మేమే, అన్నం పోయింది అతనికి. చట్టం అమలు కావలసిందేనని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అయితే మరునాటి నుంచి ఆ ఊళ్ళలో కూర్చుని మాట్లాడే అధికారి లేకపోతే తెంచిన గట్టు మళ్ళీ లేస్తుంది, చాలాచోట్ల లేచింది కూడా. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభే తీర్మానించింది. పైస్థాయి ఉద్యోగమంటే ఇటువంటి ఒత్తిడి నడుమ ఉత్తర్వు పట్టుకుని నిలబడటమని, అదే చేత్తో ఆ కూలీ దరఖాస్తు కూడా అందుకోవడమని మీ అమ్మాయికి ముందే తెలియాలి.

కోరింగలో ఈ చిక్కే సముద్రం మీద ఎదురైంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరంలో ఎక్కువగా జనవరి నుంచి మార్చి వరకు గుడ్లు పెడతాయి. మరబోట్ల వేటను నిషేధించే 61 రోజులు మాత్రం ఏప్రిల్ 15న మొదలవుతాయి, ఎందుకంటే ఆ గడువును చేపల సంతానోత్పత్తి కోసం పెట్టారు. అంటే తల్లి తాబేళ్ళు ఒడ్డుకు వచ్చే రోజుల్లో ట్రాలర్లు నీళ్ళ మీదే ఉంటాయి. వలలో చిక్కిన తాబేలు శ్వాసకు పైకి రాలేక మునిగి చనిపోతుంది. తాబేలు బయటికి జారిపోయేలా వలకు బిగించే చట్రం ఒకటి ఉంది, అది మా శాఖకు అవసరం, కానీ బిగించవలసింది మత్స్యశాఖ పరిధిలోని బోటుకు. చట్రంలోంచి తాబేలుతో పాటు చేప కూడా పోతుందన్నది బోటు యజమానుల అభ్యంతరం. ఎంత పోతుందో వారి బోటులోనే వారితో వెళ్ళి, వల ఎత్తినప్పుడు కళ్ళతో చూస్తే తప్ప వారు మన మాట వినరు. నాకు సముద్రం పడదు. మొదటిసారి తీరం దాటేలోపే వాంతులు చేసుకున్నాను, బోటువాళ్ళు నవ్వుకున్నారు, ఆ నవ్వు తరువాతే మాటలు సాగాయి.

ఇక దారుల సంగతి. భారత అటవీ సర్వీసుకు 2013 నుంచి సివిల్స్ ప్రిలిమ్స్‌తో కలిపే ప్రాథమిక పరీక్ష జరుగుతోంది. అందులో ఎంపికైనవారే కాలక్రమంలో రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి వరకు వెళ్తారు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముఖ్యమైన అధికారాలు చాలావరకు ఆ పదవి చేతిలో ఉంటాయి. కానీ ఒక మెలిక ఉంది. విద్యార్హతల జాబితాలో జంతుశాస్త్రం, పశువైద్యం, వ్యవసాయం, అటవీశాస్త్రం, ఇంజనీరింగు వంటి పేర్లు ఉంటాయి తప్ప మత్స్యశాస్త్రం పేరు విడిగా ఉండదు. కాబట్టి కోచింగుకు డబ్బు కట్టే ముందు ఆ ఏటి ప్రకటనను మీరే చదవండి. రాష్ట్ర సర్వీసులో రేంజి అధికారిగా చేరితే మైదానం ఎక్కువ దొరుకుతుంది, పదోన్నతి నెమ్మదిగా వస్తుంది. మత్స్యాభివృద్ధి అధికారిగా చేరితే ఆమె చదువు నేరుగా పనికివస్తుంది, అయితే అక్కడ సంరక్షణ అన్న మాటకు చోటు తానే చేసుకోవాలి. పరిశోధన వైపు మనసుంటే ముంబైలోని కేంద్ర మత్స్యవిద్యా సంస్థలో పీజీ చేయవచ్చు, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు విశాఖపట్నంలోనే ప్రాంతీయ కేంద్రం ఉంది. నన్ను అడిగితే, మత్స్యశాస్త్రం చదివినవారు అటవీశాఖతో కలిసి పనిచేసే చోటే కొరత ఎక్కువ. మా శాఖలో పులి గురించి గంటసేపు మాట్లాడగలవారు చాలామంది ఉన్నారు, కొర్రమీను ఎప్పుడు గుడ్లు పెడుతుందో అడిగితే తెలిసినవారు తక్కువ.

పరీక్షలకు ముందు ఒక పని చేయించండి. తాబేళ్ళ గుడ్లు సేకరించి పొదిగించే శిబిరాలు తీరం వెంబడి శీతాకాలం చివర్లో నడుస్తాయి. స్థానిక అటవీ డివిజన్ కార్యాలయంలో డిసెంబరులోనే దరఖాస్తు పెట్టుకుని, ఆమెను ఒక పది రాత్రులు అక్కడ ఉండనివ్వండి. మంచి టార్చిలైటు, ఇసుకలో నడవడానికి పాత చెప్పులు చాలు. తాబేలు దగ్గర ఆ టార్చి వెలిగించవద్దని మాత్రం చెప్పి పంపండి.